పట్టాలు కలిసిన చోటుకు



మన సంఘాలలో పిల్లలు అమెరికాలో ఉన్న కుటుంబాలు ఇప్పుడు తక్కువేమీ కాదు. వ్యవసాయం చేసుకునే తల్లిదండ్రులు సైతం విమానమెక్కి వెళ్ళి, కొన్ని నెలలు మనవల దగ్గర ఉండి వస్తున్నారు. వచ్చాక "ఏం చూశారండీ?" అని అడిగితే, "ఇల్లు చూశాం, దుకాణాలు చూశాం, చలి చూశాం" అంటారు. అంత పెద్ద దేశం ఎలా ఉంటుందో చూడకుండానే తిరిగి వస్తారు. మా నాన్నగారు అలా రావడానికి ఒప్పుకోలేదు. అందువల్ల నాకు కలిగిన పనిని గూర్చి నాలుగు మాటలు రాస్తున్నాను.

మా నాన్నగారికి 72 ఏళ్ళు. నిడదవోలు, కొవ్వూరు మధ్య రైలు కట్ట మీద 34 సంవత్సరాలు పనిచేశారు. గ్యాంగ్‌మన్‌గా చేరి కీమన్‌గా రిటైరయ్యారు. కీమన్ అంటే, భుజాన సుత్తి, చేతిలో జెండాలు పట్టుకొని, రోజూ తనకిచ్చిన మేర పట్టాల వెంట నడిచి, వదులైన కీలను బిగించేవాడు. మేము ముగ్గురు పిల్లలం ఆ సుత్తి మీదనే చదువుకున్నాం. అన్నయ్య షికాగో దగ్గర, చెల్లెలు కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో స్థిరపడ్డారు. నేను ఇక్కడే సంఘ సేవలో ఉన్నాను.

రెండేళ్ళ క్రితం మా అమ్మ చనిపోయింది. అన్నయ్యకు టిక్కెట్టు దొరికి ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. ఆ సంగతి నాన్నగారు ఎన్నడూ ఎత్తలేదు. అన్నయ్య కూడా ఎత్తలేదు. ఫోనులో ఇద్దరూ షుగరు, వాన, మందుల గురించి రెండు నిమిషాలు మాట్లాడుకొని పెట్టేస్తారు.

ఈసారి నాన్నగారిని తీసుకురమ్మని అన్నయ్య, చెల్లెలు ఇద్దరూ నన్ను కోరారు. "షికాగోలో విమానం ఎక్కితే నాలుగైదు గంటల్లో చెల్లి దగ్గర ఉంటారు" అన్నాడు అన్నయ్య. నాన్నగారు అంతా విని, "ఆ దేశంలో రైలు లేదా?" అని అడిగారు.

ఉంది. అది వెతకడం నా పని అయింది.

మొదట నేను ఒక పెద్ద పొరపాటు చేశాను. పోతున్నాం గదా, అన్నీ చూసేద్దామనుకొని, నయాగరా జలపాతం మొదలుకొని లాస్ ఏంజెలెస్ దాకా 12 రోజుల్లో 9 ఊళ్ళతో ఒక పట్టిక రాశాను. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకొని దాన్ని రెండుసార్లు చదివి, "ఇందులో కూర్చునేది ఎప్పుడు అబ్బాయ్?" అన్నారు. ఆ కాగితం చింపేసి మళ్ళీ మొదలుపెట్టాను.

అమెరికాలో దూరప్రాంతాల ప్రయాణికుల రైళ్ళను 1971 మే 1 నుండి ఆమ్‌ట్రాక్ అనే సంస్థ నడుపుతోంది. షికాగో నుండి పడమటికి పోయే వాటిలో కాలిఫోర్నియా జెఫిర్ ఒకటి. రోజుకొక్క బండి. శాన్ ఫ్రాన్సిస్కో పక్కనున్న ఎమరీవిల్ దాకా 2,438 మైళ్ళు, అంటే 3,900 కిలోమీటర్లకు పైగా. హైదరాబాదు నుండి ఢిల్లీకి సుమారు 1,700 కిలోమీటర్లు గనుక, దానికి రెండింతలు దాటిందన్నమాట. సమయానికి నడిస్తే దాదాపు 52 గంటలు. మధ్యాహ్నం షికాగోలో బయలుదేరి, సాయంకాలానికి మిసిసిపీ నదిని దాటుతుంది. రాత్రంతా మైదానాలు. మరునాడు ఉదయం డెన్వరు వస్తుంది. అక్కడి నుండి రాకీ పర్వతాలు ఎక్కి, 1928లో తెరిచిన మోఫాట్ సొరంగంలో దూరుతుంది. సొరంగం పొడవు సుమారు 10 కిలోమీటర్లు, ఎత్తు సముద్రమట్టానికి 9,200 అడుగులు. ఆపైన రెండు వందల మైళ్ళకు పైగా కొలరాడో నది పక్కనే పోతుంది.

దారిలో సాల్ట్ లేక్ సిటీ అనే ఊరుంది. అక్కడికి కారులో సుమారు 90 మైళ్ళ దూరంలో ప్రొమాంటరీ సమ్మిట్ అనే చోటు ఉంది. తూర్పు నుండి ఒక కంపెనీ, పడమట శాక్రమెంటో నుండి మరొక కంపెనీ పట్టాలు వేసుకుంటూ వచ్చి, 1869 మే 10న అక్కడ కలిపారు. అంతవరకు నెలలు పట్టే ప్రయాణం వారం రోజులకు తగ్గింది. చివరి కీలుగా బంగారు మేకును పెట్టి, వేడుక కాగానే తీసి భద్రపరిచారు. మా చెల్లెలున్న ఊరి నుండే ఆ పట్టా మొదలైందని చెప్పగానే నాన్నగారు లేచి కూర్చున్నారు.

శాక్రమెంటో వైపు నుండి పనిచేసిన వారిలో అత్యధికులు చైనా కూలీలు. సియెర్రా నెవాడా కొండల్లో నల్లరాతిని చేతి పనిముట్లతో, మందుగుండుతో తొలిచి సొరంగాలు చేశారు. మంచుచరియల కింద పడి చనిపోయినవారున్నారు. 1869 ఏప్రిల్ 28న ఆ కంపెనీవారు ఒక్క రోజులో 10 మైళ్ళకు పైగా పట్టా వేశారు. ఆ రోజు పట్టాలు మోసిన 8 మంది ఐర్లాండు మనుషుల పేర్లు రాసి ఉంచారు. వేలాది చైనా కూలీల పేర్లు మాత్రం రాయలేదు.

నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పట్టాలెత్తిన వాళ్ళ పేర్లున్నాయి, బాగానే ఉంది. కంకర దట్టించిన వాళ్ళెవరు?" అన్నారు. 34 ఏళ్ళు కంకర దట్టించిన మనిషి అడిగిన ప్రశ్న అది. "అక్కడికి నన్ను తీసుకెళ్ళు. ఇంకేమీ చూపించకపోయినా ఫరవాలేదు" అన్నారు.

అక్కడి రైళ్ళు తరువాత ఉప్పునీటి సరస్సు మీదుగా వేసిన దారిన పోవడం మొదలుపెట్టాయనీ, 1942లో యుద్ధ అవసరాలకు ఆ పాత పట్టాలు పీకేశారనీ చెప్పాను. ఇప్పుడున్నది జ్ఞాపకార్థం తిరిగి వేసిన కొద్దిపాటి పట్టా మాత్రమే. ఆనాటి రెండు ఇంజన్ల వంటివి తయారుచేసి, వేసవి నెలల్లో నడిపి చూపిస్తారు. "పట్టా లేకపోతేనేం, కట్ట ఉంటుంది గదా" అన్నారు నాన్నగారు. నిజమే, కట్ట ఇప్పటికీ ఉంది.

అలా ప్రయాణం కుదిరింది. సెప్టెంబరు నెల ఎంచుకున్నాం. అప్పటికి ఎండలు తగ్గుముఖం పడతాయి, కొండల్లో మంచు ఇంకా మొదలుకాదు. ఇక ఏర్పాట్లలో నేను నేర్చుకున్నవి కొన్ని చెబుతాను, ఎవరికైనా పనికి వస్తాయి.

ఆ రైలు నడిచే దారిలో అత్యధిక భాగం గూడ్సు కంపెనీల సొంతం. గూడ్సు బండ్లు ఎంతో పొడవుంటాయి. ఒంటి లైను ఉన్నచోట గూడ్సు లూపులో పట్టకపోతే ఆగవలసింది మన బండే. నేను చెప్పబోతుండగానే నాన్నగారు ఈ మాట అనేశారు. గంటల కొద్దీ ఆలస్యం మామూలే గనుక, రైలు దిగిన రోజే విమానం ఎక్కేలా టిక్కెట్టు కొనకూడదు. సాల్ట్ లేక్ సిటీకి రైలు రాత్రి 11 గంటల ప్రాంతంలో చేరుతుంది. అందుచేత హోటలు వారికి ఆలస్యంగా వస్తామని ముందే చెప్పి, రెండు రాత్రులకు గది తీసుకున్నాం. మొదటి రోజు ప్రొమాంటరీ, రెండవ రోజు విశ్రాంతి, ఆ రాత్రి మళ్ళీ రైలు. పగలంతా సియెర్రా కొండలు చూస్తూ మధ్యాహ్నానికి శాక్రమెంటో.

పెట్టెలు రెండంతస్తులవి. ఒక పెట్టె నుండి మరొక పెట్టెకు పోవాలంటే పై అంతస్తులోనే దారి, మెట్లు ఇరుకు. మోకాళ్ళ నొప్పులున్నవారు కింది అంతస్తులో చోటు అడగాలి. మరుగుదొడ్లు కూడా కిందనే ఎక్కువ. కుర్చీ టిక్కెట్టు చవక. పడుకునే చిన్న గదికి ఎన్నో రెట్లు ఖరీదు, కాని భోజనం అందులోనే కలిసి ఉంటుంది, అడిగితే గదికే తెచ్చి ఇస్తారు. ఆ గదిలో సరిగ్గా ఇద్దరే పడతారు.

షికాగో నుండి శాక్రమెంటోకు గడియారం రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. షుగరు మందులు ఏ వేళకు వేసుకోవాలో బయలుదేరే ముందే డాక్టరుగారిని అడిగి రాయించుకున్నాం. మందులు, చీటీ చేతిసంచిలోనే ఉండాలి. వైద్య భీమా లేకుండా ఆ దేశంలో అడుగుపెట్టకండి. అక్కడి ఆసుపత్రి ఖర్చు మన పొలాలు అమ్మినా తీరేది కాదు.

మిగిలింది కారు. అక్కడ రోడ్డుకు కుడిపక్కన నడపాలి, నాకు అలవాటు లేదు. బస్సు ఏదైనా ఉందేమో అడగడానికి అన్నయ్యకు ఫోను చేశాను. ప్రొమాంటరీ సంగతి, నాన్నగారు అడిగిన కంకర మాట చెప్పాను. అవతల చప్పుడు లేదు. లైను పోయిందనుకున్నాను. కాసేపటికి, "నేను నడుపుతాను. సెలవు పెడతాను. రైల్లో కూడా వస్తాను" అన్నాడు.

ఆ రాత్రే టిక్కెట్లు మార్పించాను. గది మొదట నాన్నగారికీ నాకూ తీసుకున్నది. ఇప్పుడు ఆ గది నాన్నగారికీ అన్నయ్యకూ. నాకు వేరే పెట్టెలో కుర్చీ. షికాగో నుండి సాల్ట్ లేక్ సిటీ దాకా 34 గంటలు తండ్రీ కొడుకులు ఎదురెదురుగా కూర్చుంటారు. అమ్మ మాట వస్తుందో రాదో నాకు తెలియదు. రావడానికి చోటు మాత్రం ఉంటుంది.

మీ ఇళ్ళలో ఎవరైనా ఇటువంటి ప్రయాణం తలపెడితే, ఊళ్ళ పట్టిక రాయకముందు పెద్దవారిని ఏం చూడాలని ఉందో అడగండి. వారి మోకాళ్ళను బట్టి, వారి మందుల వేళలను బట్టి దారి వేయండి. ఒక రోజు ఖాళీగా వదలండి. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో కూడా ఆలోచించండి.

నాన్నగారికి మార్పు సంగతి చెప్పాను. ఏమీ అనలేదు. మరునాడు ఉదయం పెట్టె సర్దుతుంటే, చెల్లెలి కోసం ఉంచిన ఆవకాయ సీసాలలో ఒకటి తీసి వేరుగా పెట్టారు. "ఇది పెద్దాడికి. వాడికి మీ అమ్మ పెట్టిన ఆవకాయంటే ఇష్టం. ఆఖరి సీసా" అన్నారు.