డబ్బాలో దూది

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఇరవై మూడేళ్ల పిల్లవాడు తన గోలీల డబ్బా మూత తీసి చూపించాడు. పైన దూది కుక్కి ఉంది. "బ్యాగుల గలగల సప్పుడొస్తది సార్, రూమ్‌ల అందరు అడుగుతరు."

మందుతో పెద్ద ఇబ్బంది లేదు. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం హెచ్ఐవీకి వాడే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు రోజుకు రెండుపూటలా మింగాల్సి వచ్చేది. ఇప్పుడు టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసి ఒక్కటే గోలీ. ఇతను ఒక్కరోజూ తప్పలేదు.

నాతో మాత్రం ఏడాదిపాటు అబద్ధం చెప్పాడు. ఎలా వచ్చిందంటే "బొంబాయిల ఆడమనిషి దగ్గరికి పోయిన" అన్నాడు. నేనూ అదే రాసుకున్నాను. పాలమూరు, నల్లగొండల నుంచి కూలికి పోయి వచ్చేవాళ్ల నోట ఆ మాట నాకు అలవాటే. తప్పు నాది. "ఆడవాళ్ల దగ్గరికి పోయినవా?" అని అడిగితే, మగవాణ్ణి ప్రేమించిన పిల్లవాడు ఏమని చెప్తాడు? ఇప్పుడు ప్రతి ఒక్కరినీ, నిద్ర ఎట్లా పడుతోందని అడిగే గొంతుతోనే అడుగుతాను: "ఆడవాళ్లతోనా, మగవాళ్లతోనా, ఇద్దరితోనా?"

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఇష్టపడిన ఇద్దరు వయోజనుల మధ్య స్వలింగ సంబంధం నేరం కాదంది. నాలుగు రోజులకే, 10న, హెచ్ఐవీ చట్టం అమల్లోకి వచ్చింది. రోగం ఉందని ఉద్యోగంలోంచి అన్యాయంగా తీసేయకూడదని అందులో ఉంది. ఆ రెండు తేదీలూ ఈ పిల్లలకు చెప్తుంటాను. వింటారు, తల ఊపుతారు, తర్వాత పెండ్లి సంగతికి వస్తారు.

జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల కంపెనీలో రాత్రి డ్యూటీ చేసే ఇంకో అబ్బాయి ఉన్నాడు. రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గింది. అలా నిలకడగా ఉంటే కలయిక ద్వారా ఇంకొకరికి అంటదని నేనే సంతోషంగా చెప్పాను. "అయితే పెండ్లి చేసుకోవచ్చా సార్?" అన్నాడు. ఇంట్లో పిల్లను చూశారట. వైరస్ వరకు అయితే, చేసుకోవచ్చు. కానీ ఆ అమ్మాయి ఏం తెలిసి ఒప్పుకుంటుంది? "నీకు ఆమె మీద మనసు పోతదా?" అన్నాను. చాలాసేపు నేలచూపు చూశాడు. మూడు నెలల గోలీలు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

తర్వాతిసారి తల్లిని తీసుకొచ్చాడు. ఆమెకు జబ్బు సంగతి తనే చెప్పుకున్నాడు, రెండోది చెప్పలేదు. ఆమె కొంగుతో కండ్లు తుడుచుకుంటూ నన్ను అడిగింది.

"గోలీలు రోజు మింగుతుండు సారూ. పిల్లగానికి పెండ్లి చెయ్యొచ్చా?"

అతను నా వైపు చూశాడు. "అతన్నే అడుగమ్మా, చెప్తడు" అన్నాను. నర్సును బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, నేనూ బయట నిలబడ్డాను.