ఆలుచిప్పల పులుసు

గంజాము సీమ 1936 ఏప్రిల్ 1వ తేదీన మదరాసు రాజధాని నుండి విడివడి నేటి ఒడిశాలో చేరినది. కచేరీభాష మారినను, బరంపురమునకు 16 కిలోమీటర్లలో నున్న గోపాలపురపు ఒడ్డున మా అమ్మమ్మ ఆలుచిప్పలు ఏరినచోటనే మా అమ్మయు ఏరినది.

అమావాస్యకు, పున్నమికి ఆటు దూరము పోవును. అట్టి దినములలో మేము వెదురుబుట్టతో అమ్మ వెంట పోయెడివారము. అల వెనుదిరుగగానే తడియిసుకపై చిన్న బెజ్జములు పడును. అచ్చట మడమతో త్రిప్పిన బొటనవ్రేలి గోరంత చిప్పలు బయల్పడును. ఆలస్యమైన అవి మరల ఇసుకలోనికి దిగిపోవును. రెండు గంటలు వంగి ఏరినను మాంసము దోసెడు, తక్కినదంతయు చిప్పయే.

అసలు పని యింటికి వచ్చిన పిదప. అమ్మ వానిని సముద్రపునీటిలోనే కొన్ని గంటలుంచి, ఇసుక కక్కించి, మూడుమారులు నీరు మార్చెడిది. ఉడికినపుడు నోరు తెరవనివానిని పారవేసెడిది. పిదప ఉల్లి, వెల్లుల్లి, ధనియాలపొడి, చిక్కని చింతపండు పులుసు. పొరుగు ఒడియా తల్లులు ఆవముద్దతో వండెడివారు. అదియు బాగుండెడిదని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము.

మేము గుమాస్తాగా చేరిన క్రొత్తలో అమ్మ ఆ పులుసును క్యారియరులో పెట్టినది. ప్రక్కబల్ల ఒడియా మిత్రుడు ఏమి కూరయని అడిగెను. ఒడ్డున ఏరుకొని తినువారమని చెప్పుటకు నోరు రాక, పుట్టగొడుగులంటిమి. ఆయన తిని మెచ్చెను. ఆ ఆదివారము మా యింటికి వచ్చి, “అమ్మా, మీ పుట్టగొడుగుల పులుసు చాల బాగున్నది” అనెను. అమ్మ మా వంక చూచినది. “సంతోషము నాయనా” అని మాత్రము అన్నది. అటుపిమ్మట ఆమె చిప్పలు వండినది గాని క్యారియరులో ఎన్నడును పెట్టలేదు. మేమును అడుగలేదు.

అమ్మ పోయిన తరువాత, ఉద్యోగము విరమించిన పిదప, ఆ మిత్రుని భోజనమునకు పిలిచి, మేమే ఏరి తెచ్చిన చిప్పల పులుసు వడ్డించి నిజము చెప్పితిమి. ఆయన నవ్వెను. “పుట్టగొడుగులలో ఇసుక ఉండునా? ఒక రేణువు పంటి క్రింద పడినపుడే తెలిసినది. మీ మాట నిలుపుదమని మీ అమ్మగారితోను అట్లే అంటిని” అని మరియొక గరిటెడు వేయించుకొనెను.

ఆ మాటవలననే అమ్మకు మా అబద్ధము తెలిసినదని మేమాయనకు చెప్పలేదు.