శివరాంపల్లిలో పొరుగువారి పాఠం

హైదరాబాద్ పాతబస్తీ నుంచి బహదూర్‌పురా, జూపార్కు మీదుగా ఆరాంఘర్ దారి పడితే శివరాంపల్లి వస్తుంది. ఐపీఎస్ అధికారులకు శిక్షణనిచ్చే జాతీయ పోలీసు అకాడమీ ఉన్నది ఇక్కడే. ఆ పేరు చెబితే ఆటోవాళ్ళు కళ్ళు మూసుకుని తీసుకెళ్తారు. దాని పక్కనే ఉన్న హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ పేరు చెబితే మాత్రం కాసేపు ఆలోచిస్తారు. తొంభై ఏళ్ళు దాటిన సంస్థ అది. నడుపుతున్నవి క్రైస్తవ సంఘాలు. ప్రధానంగా నేర్పే చదువు ఇస్లాం గురించి.

నేను వెళ్ళేసరికి అరబ్బీ తరగతి జరుగుతోంది. ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఒక క్రైస్తవ వేదాంత విద్యార్థి కుడి నుంచి ఎడమకు అలిఫ్, బే, తే దిద్దుకుంటున్నాడు. అతని పక్కన కేరళ నుంచి వచ్చిన కన్యాస్త్రీ. పాఠం చెబుతున్నాయన ముస్లిం. ఒక అక్షరానికి పైన పెట్టాల్సిన చుక్క కింద పెట్టినందుకు ఆ కుర్రాణ్ణి సున్నితంగా సరిదిద్దారు. తరగతి అయ్యాక ముగ్గురూ మాట్లాడుకుంటూ చాయ్ తాగడానికి కలిసే వెళ్ళారు. మన ఊళ్ళలో ఒక మతం గురించి మరో మతంవాళ్ళు చెప్పుకునే మాటలు ఎలా ఉంటాయో తెలిసినవాణ్ణి కాబట్టి, ఆ తరగతి నాకు చాలా పెద్ద సంగతిగా కనిపించింది.

క్రైస్తవ విద్యాసంస్థ అనగానే తెలుగువారికి గుంటూరు ఏ.సి. కాలేజీ, మచిలీపట్నం నోబుల్ కాలేజీ, విజయవాడ లయోలా గుర్తుకొస్తాయి. వాటి పూర్వ విద్యార్థుల పేర్లు చెప్పడం మొదలుపెడితే నందమూరి తారక రామారావు దగ్గర్నుంచి చాలా దూరం వెళ్ళవచ్చు. శివరాంపల్లిలో అలాంటి వరస దొరకదు. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చేవాళ్ళు పాస్టర్లు, సిస్టర్లు, సెమినరీల్లో పాఠాలు చెప్పేవాళ్ళు, బస్తీల్లో పనిచేసే కార్యకర్తలు. కొందరు కొన్ని వారాల కోర్సుకు వస్తారు, కొందరు పరిశోధనకు వచ్చి ఏళ్ళపాటు ఉంటారు. పెద్ద పదవుల కోసం కాదు గనుక ఈ చదువు ఫలం ఎక్కడ కనిపిస్తుందో వెతుక్కుంటూ వెళ్ళాలి. నేను వెళ్ళింది అందుకే.

సంస్థకు ఎవరి పేరు పెట్టారో ఆయన ఈ ఊరు చూడలేదు. హెన్రీ మార్టిన్ 1781లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో పుట్టాడు. 1801లో కేంబ్రిడ్జి గణితంలో అందరికంటే ముందు నిలిచాడు. ఈస్టిండియా కంపెనీ చాప్లెయిన్‌గా 1806లో కలకత్తా చేరి, శ్రీరాంపురం దగ్గర వాడుకలో లేని ఒక పాత గుడిలో బస చేశాడు. తర్వాత దానాపూర్, కాన్పూర్. కొత్త నిబంధనను ఉర్దూలోకి తెచ్చే పనిలో ఆయన పక్కన కూర్చున్నది మీర్జా ఫిత్రత్. పారసీ అనువాదం కోసం షిరాజ్ వెళ్తే అక్కడ తోడు నిలిచింది మీర్జా సయ్యద్ అలీ. తిరుగు ప్రయాణంలో 1812 అక్టోబరులో తుర్కీలోని తోకత్‌లో కన్నుమూశాడు. అప్పటికి వయసు 31. రెండేళ్ళ తర్వాత ఆ ఉర్దూ అనువాదం శ్రీరాంపురం అచ్చుకూటంలో వెలువడింది. ఆయన వచ్చింది మతప్రచారానికే, అందులో దాపరికం లేదు. అయితే ఆయన పేరు నిలబెట్టిన రెండు పుస్తకాలూ ముస్లిం పండితుల పక్కన కూర్చుని చేసినవి. ఆ వివరం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది.

ఆయన పోయిన దాదాపు వందేళ్ళకు, 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. ముస్లింల మధ్య పనిచేసేవాళ్ళకు ఇస్లాం గురించి సరైన చదువు లేదన్న మాట అక్కడా, మరుసటి ఏడు లక్నో సదస్సులోనూ గట్టిగా వినిపించింది. అదే ఎడిన్‌బరో సభలో మన ప్రాంతం నుంచి వెళ్ళిన ఒకాయన అందరినీ ఇబ్బంది పెట్టే మాట ఒకటి అన్నాడు. వి.ఎస్. అజరయ్య తిరునల్వేలి వైపు తమిళుడు, నిజాం రాజ్యంలోని దోర్నకల్‌లో పనిచేస్తున్నాడు. మిషనరీల త్యాగాలన్నిటికీ కృతజ్ఞత చెప్పి, చివరికి మాకు కావలసింది స్నేహితులు అని అడిగాడు. రెండేళ్ళకు ఆయనే ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన అడిగింది తెల్లదొరలను, భారతీయ క్రైస్తవుల తరఫున. కానీ అదే కోరికను పొరుగున ఉన్న ముస్లిం కూడా క్రైస్తవుణ్ణి అడగవచ్చు. శివరాంపల్లి చరిత్రంతా ఆ కోరికను ఆలస్యంగా విని, నెమ్మదిగా అర్థం చేసుకున్న చరిత్రేనని నా నమ్మకం.

ఆ లోటు తీర్చడానికే 1930లో లాహోరులో హెన్రీ మార్టిన్ స్కూల్ పేరుతో ఈ సంస్థ మొదలైంది. మొదటి ప్రిన్సిపల్ ఎల్. బెవన్ జోన్స్, ఢాకాలో పనిచేసిన బాప్టిస్టు మిషనరీ. ముస్లింల గురించి రాసేటప్పుడు ఎగతాళి ఉండకూడదని పట్టుబట్టే తరానికి చెందినవాడు. 1932లో ఆయన రాసిన ‘ద పీపుల్ ఆఫ్ ద మాస్క్’ ఏళ్ళ తరబడి పాఠ్యగ్రంథంగా నడిచింది. అక్కడే పనిచేసిన జాన్ సుభాన్ కథ మరీ ప్రత్యేకం. ముస్లిం కుటుంబంలో పుట్టి, ఖాదిరీ సూఫీ మార్గంలో దీక్ష తీసుకుని, తర్వాత క్రైస్తవుడై, 1945లో మెథడిస్టు బిషప్ అయ్యాడు. సూఫీ సాధువుల గురించీ దర్గాల గురించీ 1938లో ఆయన రాసిన పుస్తకం ఇప్పటికీ పరిశోధకుల చేతుల్లో కనిపిస్తుంది. మతం మారినా, తాను నడిచొచ్చిన దారిని చిన్నచూపు చూడని మనిషి అని ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది.

లాహోరు తర్వాత అలీగఢ్, జబల్‌పూర్, లక్నో. డెబ్బైల దశాబ్దం తొలినాళ్ళలో హైదరాబాద్. ఆబిడ్స్ చిరాగ్‌అలీ లేన్‌లో కొన్నాళ్ళుండి శివరాంపల్లి చేరింది. హైదరాబాద్‌కు రావడం ఈ సంస్థకు దొరికిన అదృష్టమే. ఇస్లామీ విద్యాపీఠం జామియా నిజామియా ఇక్కడుంది. అరుదైన అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేసే దాయిరతుల్ మఆరిఫ్ ఇక్కడుంది. మొహర్రం పదో రోజున బీబీ కా ఆలం ఊరేగే వీధులకూ, ఆషాఢంలో లాల్ దర్వాజా బోనాలు కదిలే వీధులకూ మధ్య నడిచి వెళ్ళగలిగే దూరమే. గ్రంథాలయంలో చదివింది సాయంత్రానికల్లా గల్లీలో ఎదురయ్యే ఊరిది.

ఎదురైనవన్నీ మంచివి కావు. 1990 డిసెంబరులో పాతబస్తీలో మతకల్లోలాలు చెలరేగాయి. వందమందికి పైగా చనిపోయారు. ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి పదవి నుంచి దిగిపోవలసి వచ్చింది. పొరుగు మతం గురించి ఆరు దశాబ్దాలుగా చదువుతున్న సంస్థకు ఆ రోజుల్లో అసలు ప్రశ్న ఎదురైంది: ఈ చదువు ఎవరికి పనికొచ్చింది? కర్ఫ్యూలో చిక్కుకున్న బస్తీలకు సాయం అందించడంతో మొదలై, ఆ దశాబ్దంలోనే పని సుల్తాన్‌షాహీ లాంటి గల్లీల్లోకి పాకింది. పిల్లలకు బడి, ఆడవాళ్ళకు కుట్టుపని, ఎంబ్రాయిడరీ, వైద్యం. ఆండ్రియాస్ డిసౌజా డైరెక్టరుగా ఉన్న కాలమది. సంఘర్షణలను ఎలా చల్లార్చాలి, తెగిన సంబంధాలను ఎలా కలపాలి అన్నది అప్పట్నుంచి ఇక్కడ ఒక పాఠ్యాంశమైంది. సంస్థ పేరులో కూడా ‘సఖ్యత’ అర్థం వచ్చే మాట చేరింది.

ఎవరినైనా మతం మార్చడానికి ఇదంతా ఒక మిష అని అనుమానించేవాళ్ళు అటువైపూ ఉన్నారు, మతం మార్చకపోతే ఇదేం క్రైస్తవ సేవ అని అడిగేవాళ్ళు ఇటువైపూ ఉన్నారు. రెండు అనుమానాలనూ భరిస్తూ ఇన్నేళ్ళు నిలబడటం నా దృష్టిలో భవనాల విస్తరణ కంటే పెద్ద ఎదుగుదల.

మరునాడు సుల్తాన్‌షాహీ వెళ్ళాను. శాలిబండ దగ్గర దిగి నడిచాను. ఇరుకు గల్లీ, పైన కరెంటు తీగల చిక్కుముళ్ళు, ఒక మూల పోచమ్మ గుడి, నాలుగిళ్ళ అవతల మసీదు. నన్ను తీసుకెళ్ళినామె ఒకింటి ముందు ఆగింది. లోపల మగ్గం చట్రానికి బిగించిన పట్టుబట్ట మీద ఇద్దరు అమ్మాయిలు జర్దోజీ పని చేస్తున్నారు. వాళ్ళకు పని చెబుతున్నావిడకు యాభై దాటి ఉంటాయి. పాతికేళ్ళ కింద ఆ బస్తీలో సంస్థ నడిపిన కేంద్రంలోనే కుట్టు నేర్చుకుందట.

“గప్పుడు కర్ఫ్యూ అంటే పాలు గూడ దొరకకపోతుండె. గా గల్లోళ్ళ మొకం ఈ గల్లోళ్ళు జూడకపోతుండ్రి,” అంది. “మిషన్ల కాడ పక్కపక్కన కూసుండబెట్టిండ్రు. ఏం జేస్తం అన్నా, దారం అడగాలె, కత్తెర అడగాలె. అడిగినంక మాటలు గలిసినయ్. ఆమె ఇంట్ల పెండ్లికి జాకెట్లన్నీ నేనే కుట్టిన.”

ఆ ‘ఆమె’ ఎదురింట్లోనే ఉంది. పిలిస్తే వచ్చి గుమ్మంలో కూర్చుంది. దక్కనీలో మాట్లాడింది. మొదట్లో ఇంట్లో మగవాళ్ళు కుట్టుకేంద్రానికి పంపలేదనీ, అత్తగారే వెంట వచ్చి రోజంతా కూర్చుని చూసి, ఇక్కడ చెడేమీ లేదని తేల్చాకే పంపారనీ నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు పండగల ముందు ఇద్దరికీ చేతినిండా పని. రంజాన్‌కు ఇటు గిరాకీ, బోనాలకు, పెళ్ళిళ్ళకు అటు గిరాకీ. తనకు ఎక్కువైన పని ఒకరు రెండోవారికి ఇస్తారు. ఊళ్ళో ఏదైనా గడబిడ అని వినపడితే ముందు ఒకరికొకరు ఫోన్ చేసుకుంటారు, పిల్లలు ఇల్లు చేరారా అని.

వీళ్ళిద్దరి పేర్లూ ఏ పట్టభద్రుల జాబితాలోనూ ఉండవు. నన్నడిగితే ఈ సంస్థ పూర్వ విద్యార్థుల్లో మొదటి వరస వీళ్ళదే.

బస్తీలో పనిచేయడం చదువునూ మార్చింది. సంస్థలో ఏళ్ళ తరబడి పనిచేసిన డయాన్ డిసౌజా హైదరాబాద్ షియా స్త్రీల భక్తి జీవితం మీద పరిశోధించి ‘పార్ట్‌నర్స్ ఆఫ్ జైనబ్’ అనే పుస్తకం రాశారు. 2014లో అచ్చయింది. స్త్రీలే నడుపుకునే యాద్‌గార్ హుస్సేనీ ఆషుర్‌ఖానాలో కూర్చుని, వాళ్ళ మజ్లిసులు విని రాసిన పుస్తకమది. మౌల్వీల గ్రంథాల్లో ఇస్లాం ఒకలా ఉంటుంది, కర్బలా కథ చెబుతూ కన్నీళ్ళు పెట్టుకునే ఇల్లాలి దగ్గర ఇంకోలా ఉంటుంది. ఆ రెండోది వినాలంటే ఆ ఇళ్ళలోకి రానిచ్చేంత నమ్మకం సంపాదించుకోవాలి. లాహోరులో మొదలైనప్పుడు చదువంటే గ్రంథాలే. పాతబస్తీ దానికి మనుషుల్ని కలిపింది.

మధ్యాహ్నం సంస్థ మెస్‌లో అన్నం తింటుంటే ఒక పాస్టరు గారితో మాట కలిసింది. కర్నూలు వైపు చిన్న పట్టణం ఆయనది. కొన్నేళ్ళ కింద ఇక్కడ చదివి, మళ్ళీ చిన్న కోర్సు కోసం వచ్చారు. వాళ్ళ ఊళ్ళో మొహర్రం పీర్ల పండగ హిందువులూ ముస్లింలూ కలిసి చేస్తారు. ఇక్కడికి రాకముందు ఆ వారం రోజులూ సంఘస్థులను అటువైపు తిరిగి చూడొద్దని ప్రసంగించేవారట. “హుస్సేన్ ఎవరో, ఎందుకు చనిపోయాడో నాకు తెలియదండీ. తెలియకుండానే ఇరవై ఏళ్ళు మాట్లాడాను,” అన్నారు. ఇప్పుడు ఆ రోజుల్లో పీర్లచావిడి ముందు చలివేంద్రం దగ్గర కాసేపు కూర్చుంటారు. మసీదు ఇమాముతో పరిచయం ఏర్పడింది. సమాధుల తోట గోడ విషయంలో రెండువైపులా కుర్రాళ్ళు మాట మాట అనుకున్నప్పుడు పోలీసుల దాకా పోకుండా వీళ్ళిద్దరే కూర్చుని సర్దేశారు. గొప్పగా చెప్పలేదు ఆయన. కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా చెప్పారు.

నాకు వెలితిగా అనిపించింది ఒకటుంది. ఇక్కడి చదువంతా దాదాపు ఇంగ్లీషులో సాగుతుంది. ఉర్దూ, అరబ్బీ నేర్పుతారు. తెలుగులో చదువుకోవలసిన పల్లె పాస్టరుకు, ఆదివారం బడి టీచరుకు అందేవి బాగా తక్కువ. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరున్న ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఇదే నగరంలో ఉంది. 1964లో రాజమండ్రిలో లూథరన్లు, బాప్టిస్టులు, దక్షిణ ఇండియా సంఘం వంటివి కలిసి మొదలుపెట్టి, తర్వాత హైదరాబాద్ తెచ్చుకున్న కళాశాల అది. డిగ్రీలు ఇచ్చేది 1827లో డెన్మార్క్ రాజు అధికారపత్రం పొందిన శ్రీరాంపురం విద్యాసంస్థ. తెలుగు సంఘాలకు పాస్టర్లను తయారుచేసే ఆ కళాశాల, శివరాంపల్లి పండితులు కలిసి కూర్చుంటే తెలుగులో ఒక మంచి పాఠ్యగ్రంథం రావడానికి ఏళ్ళు పట్టదు. తెలుగులో ఖురాన్‌ను అనువదించిన తొలి పండితుడు చిలుకూరి నారాయణరావు, హిందువు. పిఠాపురం ఉమర్ అలీషా సూఫీ పీఠాధిపతిగా ఉంటూ తెలుగులో పద్యాలు, నాటకాలు రాసిన కవి. ఇంత వారసత్వం మన భాషలో ఉండగా పొరుగువారి మతాన్ని ఇంగ్లీషు పుస్తకాల ద్వారానే తెలుసుకోవలసి రావడం నాకు బాధగా ఉంది.

ఈ మాటే పాస్టరు గారితో అన్నాను. చిలుకూరి వారి పేరు ఆయన అంతకుముందు వినలేదు. నా దగ్గర కాగితం తీసుకుని ఆ పేరు, ఉమర్ అలీషా పేరు రాసుకున్నారు. తరగతిలో రాసుకున్న నోట్సును తెలుగు చేయడం అప్పటికే మొదలుపెట్టారట. రోజా, జకాత్, హజ్ మీద మూడు చిన్న పాఠాలు అయ్యాయి. ఊరెళ్ళాక వాటిని ముందు ఇమాం సాహెబుకు చదివి వినిపించి, తప్పులుంటే దిద్దించుకుని, ఆ తర్వాతే సంఘంలో పంచుతానన్నారు.