జపాన్ బడ్జెట్‌లో పాఠానికి వాటా ఎంత?

జపనీస్ భాష, సంస్కృతి నేర్చుకుందామని పదిమంది కలిసి బయలుదేరేటప్పుడు, మొత్తం ఖర్చు ఎంతన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. అందులో నేర్చుకోవడానికి పోయేదెంత అన్నదే మొదటిది. వారంలో ఐదారు ఊళ్లు చుట్టే ప్రణాళికలు ఈ లెక్కలో నిలబడవు. దేశమంతా రైళ్లలో తిరిగేందుకు ఇచ్చే ఏడు రోజుల జేఆర్ పాస్ 2023 అక్టోబర్‌లో 29,650 యెన్ల నుంచి 50,000 యెన్లకు పెరిగింది. యెన్‌కు 60 పైసలు చొప్పున ముప్పై వేల రూపాయలు. దానికి బదులు టోక్యోలో దిగి కనజావాలో మకాం వేస్తే, షింకన్‌సెన్ బుల్లెట్ రైలుకు రానూపోనూ సుమారు 28,500 యెన్లు చాలు. తలా పన్నెండు వేల రూపాయలకు పైగా మిగులుతుంది. కనజావా యుద్ధకాలపు బాంబులకు కాలిపోని ఊరు. పాత వీధులు, నో నాటకం, కుతాని పింగాణీ, తేనీటి సంప్రదాయం అన్నీ అక్కడే దొరుకుతాయి. జపాన్ బంగారు రేకు దాదాపు అంతా తయారయ్యేదీ అక్కడే. పేరుమోసిన కెన్‌రొకుయెన్ తోటలోకి ప్రవేశం 320 యెన్లు, అంటే రెండు వందల రూపాయల లోపే. అక్కడ చూడటానికీ నేర్చుకోవడానికీ అయ్యేది తక్కువే, జేబు ఖాళీ చేసేది ఊరూరా పరుగు.

మిగిలిన డబ్బులో కొంత బయలుదేరక ముందే ఖర్చు పెట్టాలంటాను. మనిషికి రెండు లక్షలు, పది రోజులు అనుకుంటే అక్కడ గడిపే ఒక్కో రోజు ఖరీదు ఇరవై వేలు. 46 హిరగానా, 46 కతకానా అక్షరాలు దిద్దుకోవడానికి అంత ఖరీదైన రోజులు వాడుకోవడం దండగ. జపాన్ ఫౌండేషన్ ‘ఇరొదొరి’ పాఠాలు, ‘మినాతో’ వెబ్‌సైట్‌లోని స్వయం బోధన కోర్సులు ఉచితం. క్రియ వాక్యం చివర రావడం, విభక్తి నామం వెనక చేరడం తెలుగువాళ్లకు కొత్త కాదు కాబట్టి ఆరు నెలల్లో మొదటి మెట్టు ఎక్కవచ్చు. వారానికొకసారి టీచరును పెట్టుకున్నా ఫీజు పదిమందికి పంచితే భారం కాదు. ఫోన్‌లో అనువాదం ఉండగా ఇదంతా ఎందుకని కొందరంటారు. హోటల్ మెనూకు, రైల్వే బోర్డుకు ఫోన్ చాలు. తేనీరు కలపడం నేర్పే ఆవిడ ముందు పదిమంది పది ఫోన్లు ఎత్తి పట్టుకుంటే మాత్రం అది తరగతిలా ఉండదు, ప్రెస్‌మీట్‌లా ఉంటుంది.

జీవితంలో ఒక్కసారే వెళ్తాం, క్యోటో చూడకుండా ఎలా అన్న అభ్యంతరానికి బరువుంది. చూడాలనుకునేవాళ్లు రెండు రోజులు ఎక్కువ ఉండి చూడవచ్చు, కానీ సొంత ఖర్చుతో. ఉమ్మడి నిధి బసకు, టీచరుకు, చేతిపని తరగతులకే. యెన్ చవగ్గా ఉంది, అప్పు చేసైనా ఇప్పుడే వెళ్దామనే వాదన మాత్రం నాకు ఎక్కదు. 2024 జులైలో డాలర్‌కు 161 దాటిన యెన్, నెల తిరక్కుండానే 142 దాకా పుంజుకుంది. పర్సనల్ లోన్ వడ్డీ అలా మనసు మార్చుకోదు. ఏడాదిన్నర ముందు రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టి, చివరి నెలల్లో యెన్లు విడతలుగా కొంటే రేటు ఊహించాల్సిన పని తప్పుతుంది. ఇంత తక్కువ గడువుకు ఈక్విటీ ఫండ్ల జోలికి పోను.

ప్యాకేజీ తీసుకుంటే తలనొప్పి ఉండదంటారు, నిజమే. అయితే విదేశీ టూర్ ప్యాకేజీపై టీసీఎస్ అనే పన్ను ముందే వసూలవుతుంది, మన పన్నులో సర్దుబాటయ్యేదాకా లేదా రీఫండ్ వచ్చేదాకా ఆ డబ్బు మన చేతికి రాదు. అందరి తరఫునా ఒక్కరే చెల్లిస్తే ఆ జమ మొత్తం ఆ ఒక్కరి పాన్‌లోనే పడుతుంది, తర్వాత పంపకాల పేచీ. అందుకే విమానం టికెట్లు ఎవరివి వాళ్లే కొనుక్కోవాలి. బస వాటా మాత్రం తిరిగి ఇవ్వని అడ్వాన్సుగా ముందే కట్టించుకోవాలి. స్నేహితుల మధ్య ఇదేం కాఠిన్యం అనిపించవచ్చు. పది రోజులకు మూడు లక్షల యెన్ల ఇల్లు పదిమందికైతే తలా 30,000. చివరి నెలలో ముగ్గురు మానుకుంటే మిగతా ఏడుగురికి తలా 43,000 దగ్గర పడుతుంది. స్నేహం చెడేది అడ్వాన్సు అడిగినప్పుడు కాదు, ఆ పదమూడు వేలు ఎవరు భరించాలన్న దగ్గర.