వంతెనకు పైకప్పు ఎందుకు?

అమెరికా ఈశాన్య ప్రాంతంలోని వెర్మాంట్ రాష్ట్రంలో పైకప్పు ఉన్న కొయ్య వంతెనలు నేటికీ సుమారు వంద నిలిచి ఉన్నాయి. మేపుల్ ఆకులు ఎర్రబారి కొండలన్నీ రంగులు మారే శరదృతువులో, పిల్లాపాపలతో కలిసి మేము వాటిలో రెండింటిని చూడడానికి కారులో బయలుదేరాము.

మొదట విండ్సర్ పట్టణం చేరుకున్నాము. అక్కడ కనెక్టికట్ నదిపై 1866లో నిర్మించిన వంతెన, ఆవలి ఒడ్డున న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఉన్న కార్నిష్‌ను ఈవలి ఒడ్డుతో కలుపుతున్నది. దాని పొడవు దాదాపు 450 అడుగులు. నది నడుమ ఆధారంగా ఉన్నది ఒకే ఒక్క రాతి స్తంభం. అదే చోట అంతకు ముందు కట్టిన మూడు వంతెనలను వరదలు తుడిచిపెట్టాయి. గుర్రాలను నడిపించి తీసుకువెళ్ళనివారికి రెండు డాలర్ల జరిమానా అని తెలిపే పలక ముఖద్వారం పైన నేటికీ కనిపిస్తుంది. 1943 వరకు ఈ వంతెన దాటేవారు సుంకం చెల్లించేవారు.

లోపల అడుగుపెట్టగానే వెలుతురు తగ్గింది. ఇరువైపులా బరువైన దూలాలు ఏటవాలుగా ఒకదాని మీదుగా ఒకటి సాగి, పెద్ద జాలీ గోడలా అల్లుకొని ఉన్నాయి. ఇథియల్ టౌన్ అనే శిల్పి 1820లో పేటెంటు పొందిన పద్ధతికి ఇది ఒక రూపం. వంతెన బరువును మోసేవి ఈ పక్క చట్రాలే.

బాటసారులు తడవకుండా ఈ కప్పు వేశారా అని పిల్లలు అడిగారు. కాదు, అది వంతెన కోసమే వేసిన కప్పు. వానకూ మంచుకూ నానిన కొయ్య కొన్నేళ్ళకే కుళ్ళిపోతుంది. చట్రం పొడిగా ఉంటే నూరేళ్ళు దాటినా నిలుస్తుంది. అరిగిన నేలచెక్కలను మార్చుకోవచ్చు, కారుతున్న కప్పును మళ్ళీ వేసుకోవచ్చు. కానీ చట్రం చెడితే వంతెనే మిగలదు.

అక్కడి నుండి దక్షిణంగా ప్రయాణించి అసర్ వేళకు బార్టన్స్‌విల్ చేరుకున్నాము. 1869 నాటి వరదలో విలియమ్స్ నది దారి మార్చుకోగా, మరుసటి ఏడాది ఇక్కడ కప్పు వంతెన కట్టారు. 140 ఏళ్ళకు పైగా సేవ చేసిన ఆ వంతెన 2011 ఆగస్టు 28న, ఐరీన్ తుఫాను తెచ్చిన వరదలో కొట్టుకుపోయింది. కాంక్రీటు వంతెనతోనూ ఊరివారి అవసరం తీరేదే. అయినా వారు మళ్ళీ కొయ్యనే కోరుకున్నారు. అదే జాలీ అల్లికతో, మునుపటికంటే కాస్త పొడవుగా కట్టిన కొత్త వంతెన 2013 జనవరిలో తెరుచుకున్నది.

మేము దాటినది ఈ కొత్త వంతెననే. దాని కలపకు వయసు లేదు, కానీ దానిని అల్లిన విద్య పాతది. నది కలపను తీసుకుపోయిననాటికి ఆ విద్య తెలిసినవారు ఇంకా ఉన్నారు, అది కావాలనుకునే ఊరూ ఉన్నది. అందుకే అది తిరిగి లేచింది.

పూర్వులు అప్పగించిన కట్టడం ఏదో ఒకటి ప్రతి ఊరిలోనూ ఉంటుంది. దానికి కావలసింది ఏడాదికొకసారి జరిగే పొగడ్త కాదు. తొలకరికి ముందే నిచ్చెన వేసుకొని పైకెక్కి, కప్పు ఎక్కడ కారుతున్నదో చూసేవారు కావాలి.