లా వేరాలో మిరపకాయలు

స్పెయిన్ వెళ్ళొచ్చామని తెలిసిన దగ్గర్నుంచి వెల్దుర్తిలో ఎదురైన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే, ఎద్దులతో పోరాటం చూశారా అని. పల్నాడు వాళ్ళం గదా, ఎద్దుల ముచ్చట మనకి ఎటూ ఎక్కువే. చూడలేదండీ. బార్సిలోనా కూడా పోలేదు. మాడ్రిడ్‌లో విమానం దిగి, మిత్రుల కారెక్కి, తిన్నగా వాళ్ళ పల్లెకి పోయి, ఉన్నన్నాళ్ళూ వాళ్ళింట్లోనే ఉన్నాం. మేం కళ్ళారా చూసొచ్చింది మిరపకాయల్ని. చలిగా ఉంది, కాస్త మంట దగ్గరికి జరగండి, చెబుతాను.

వెల్దుర్తి వాళ్ళకి స్పెయిన్‌లో స్నేహితులేమిటంటారా? అదంతా అనంతపురం చలవ. విన్సెంట్ ఫెర్రర్ పేరు వినే ఉంటారు. బార్సిలోనాలో పుట్టి, 1952లో జెస్యూట్‌గా మన దేశానికి వచ్చి, మహారాష్ట్ర మన్మాడ్‌లో పేద రైతుల చేత బావులు తవ్వించినాయన. గిట్టనివాళ్ళు అక్కణ్ణుంచి పంపించేస్తే, 1969లో కరువుతో అల్లాడుతున్న అనంతపురం చేరాడు. మత గురువు బాధ్యత వదిలి, ఆన్ గారిని పెళ్ళాడి, 2009లో కన్నుమూసేదాకా ఆ మట్టినే నమ్ముకున్నాడు. స్పెయిన్‌లో ఒక్కో ఇల్లు ఇక్కడి ఒక్కో బిడ్డ బాగోగులు చూసుకునే ఏర్పాటు ఆయనదే. ఆ పిల్లల్ని చూసిపోదామని వాళ్ళు వస్తుంటారు. అప్పట్లో మా ఆయన ఉద్యోగం అనంతపురంలో. అలా వచ్చిన ఓ జంటలో ఆవిడకి ఎండదెబ్బ తగిలితే, మా ఇంట్లోనే పడుకోబెట్టి మజ్జిగ తాగించాం. రెండో రోజుకి రాగిసంగటి తిని లేచి కూర్చుంది. స్నేహం అక్కడ మొదలై, పిల్లలు పెద్దవాళ్ళయినా సాగుతూనే ఉంది.

హోటల్లో దిగటం తేలికే గానీ, ఇంట్లో పెట్టుకోవాలంటే అక్కడ నోటిమాటతో 'రండి' అంటే చాలదు. పోలీసు స్టేషనుకి పోయి, ఫలానా వాళ్ళు మా ఇంట్లో ఉంటారని రాసిచ్చి, ఆహ్వాన పత్రం తీసుకుని, ఆ కాగితం మనకి పంపాలి. మన వంతు 30,000 యూరోలకి తగ్గని వైద్య బీమా. డెబ్బై దాటిన ఆ ఇంటి పెద్దాయన మా నలుగురి కోసం స్టేషను చుట్టూ ఓపిగ్గా తిరిగాడంటే, ఆ రుణం ఎట్లా తీరుతుంది చెప్పండి!

అక్టోబరులో బయల్దేరాం. ఇక్కడ మా మిరప ఇంకా పూత మీద ఉంది, నీళ్ళు కట్టే పని మా మరిదికి ఒప్పజెప్పాం. వాళ్ళ ఊరు ఎక్స్‌త్రెమదూరాలో, గ్రేదోస్ కొండల కింద లా వేరా అనే లోయలో ఉంది. అక్కడ ఆ నెలల్లో మిరప పండ్లు కోస్తారు. మనకి కోతల వేళకి ఎండ కాస్తుంది, వాళ్ళకి వాన మొదలవుతుంది. అందుకని కాయని పొగలో ఆరబెడతారు. మిద్దె కొట్టాలుంటాయి. కింద నేల మీద ఓక్ కట్టెలు మండిస్తారు, సన్నసన్న సందులతో చెక్కలు పరిచిన పై అటక మీద కాయ మోకాలెత్తున పోస్తారు. పొగా వేడీ ఆ సందుల్లోంచి పైకి వస్తాయి. అటూ ఇటుగా రెండు వారాలు మంట ఆరకూడదు, రోజూ కాయ తిరగెయ్యాలి. ఆ పొగలో నిలబడితే కళ్ళు మండాయి, కానీ కదలబుద్ధి కాలేదు.

మా అత్తయ్య చిన్నప్పట్నుంచీ మిరప కోతలకి పోయిన మనిషి. ఒక ఎండు కాయ తీసి, చెవి దగ్గర పెట్టి ఆడించి, గింజల చప్పుడు విని, తొడిమ దగ్గర వంచి చూసింది. పక్కనున్న రైతు ఏమీ అనకుండా ఇంకో కాయ తీసి, తన చెవి దగ్గర అట్లాగే ఆడించి, తల ఊపాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ మధ్యన దుబాసీతో పని పడలేదు.

మిరప మనకన్నా ముందు వాళ్ళ గడపే తొక్కింది. కొలంబస్ 1493లో బయల్దేరిన రెండో ప్రయాణం తర్వాత స్పెయిన్ చేరిందనీ, ఆ లోయలోని యూస్తె మఠం సన్యాసులే మొదట పండించారనీ అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. చక్రవర్తి అయిదో చార్లెస్ రాజ్యం వదులుకుని, 1558లో చనిపోయింది కూడా ఆ మఠం పక్కనే. మనకి పోర్చుగీసు ఓడలెక్కి వచ్చింది. అంతకుముందు మన వంటిళ్ళలో కారమంటే చాలావరకు మిరియమే.

పొగపట్టిన ఆ పొడిని అరచేతిలో ఇమిడే రేకు డబ్బాల్లో అమ్ముతారు. తీపి, కాస్త చేదు కలిసిన తీపి, కారం, మూడు రకాలు. డబ్బా మీద లా వేరా పేరు ఉండాలంటే ఆ లోయలోనో దాని చుట్టుపక్కలో పండిన కాయే అయుండాలి, పొగా అక్కడే పట్టాలి. ఆ డబ్బా చేతిలో పట్టుకుంటే మా ఊరి కాయే గుర్తొచ్చింది. మనం టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకి తోలతాం, తాలు వేరు చేసి, పాట ఎంత పలికితే అంత. 2025లో ధర పడిపోయి, కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు లెక్కగట్టినప్పుడు పల్నాడులో ఎన్ని ఇళ్ళు దిగాలుపడ్డాయో మీకు తెలుసు. ఇంత కష్టపడి పండించే నేల పేరు ఒక్క పొట్లం మీదైనా కనపడాలి. మన పిల్లలు పూనుకుంటే అయ్యే పనే ఇది.

ఇంటి ముచ్చట మరిచాను. మధ్యాహ్నం భోజనం రెండు దాటాకే, రాత్రిది తొమ్మిది దాటాకే. తిన్నాక కంచాలు తీసినా మనుషులు లేవరు, గంటల తరబడి మాట్లాడుకుంటారు. ఎండు రొట్టె తునకలు తడిపి, వెల్లుల్లి, ఆ మిరప పొడి వేసి నూనెలో వేయిస్తారు, ఉప్మా అంత ఇష్టంగా తిన్నాం. మేం మోసుకుపోయిన రాగిపిండితో అత్తయ్య సంగటి కెలికితే, ఆ ఇంటావిడ ముద్ద పట్టుకుని అనంతపురం కబుర్లన్నీ ఎత్తుకుంది.

వచ్చే ఫిబ్రవరిలో వాళ్ళిద్దరూ వెల్దుర్తి వస్తున్నారు. ఎత్తిపోతల, మాచర్ల చెన్నకేశవుడి గుడి ముందు చూపిద్దామని మా ఆయన, కాదు ముందు కళ్ళానికే అని అత్తయ్య. ఈలోగా పెద్దాయన కోసం మంచానికి నులక బిగించాలి, రాగులు మరకి పంపాలి. మీరూ ఆ రోజుల్లో ఇటుగా వస్తే ఇంటికి రండి, వాళ్ళకి తెలుగు మాటలు కొన్ని వచ్చు.