నాలుగు గదుల తెర

మొన్న ఒక మిత్రుడు మా ఇంటికి వచ్చాడు. నేను కంప్యూటరులో ఒక డెస్కుటాపు నుంచి మరొకదానికి మారుతుండటం చూసి, "ఇదంతా పనికి వచ్చేదేనా, లేక కంటికి ఇంపుగా ఉందని పెట్టుకున్నావా?" అని అడిగాడు. పనికి వచ్చేదేనని వెంటనే చెప్పాను. అతడు వెళ్ళిన తరువాత ఆ జవాబు నాకే సగం నిజంగా తోచింది. ఇదే ప్రశ్నను చాలా ఏళ్ళ క్రితం మా నాన్నగారు మరొక విధంగా అడిగారు. అప్పుడూ నేను సరైన సమాధానం చెప్పలేదు.

తెలియనివారి కోసం ఒక మాట. వర్చువల్ డెస్కుటాపు అంటే ఉన్న ఒక్క తెరనే అనేక తెరలుగా వాడుకోవటం. ఒకదానిలో ఆఫీసు పని, మరొకదానిలో ఉత్తరాలు, ఇంకొకదానిలో సొంత రాతలు తెరిచి ఉంచుకొని, మీట నొక్కి ఒకదాని నుంచి మరొకదానికి వెళ్ళవచ్చు. ఇందువల్ల కంప్యూటరు వేగం పెరగదు, మెమరీ మిగలదు. కనబడకుండా పోయిన విండో కూడా తన మెమరీని తాను తింటూనే ఉంటుంది.

ఈ ఆలోచన పుట్టింది మాత్రం అలంకారం కోసం కాదు. 1986లో ఆస్టిన్ హెండర్సన్, స్టూవర్ట్ కార్డ్ అనే ఇద్దరు జిరాక్సు పార్క్ పరిశోధకులు 'రూమ్స్' అనే వ్యవస్థను గురించి ఒక పత్రం ప్రకటించారు. తెర చిన్నది, విండోలు ఎక్కువ. ఒకదాని మీద ఒకటి పడి, కావలసినదాన్ని వెదుక్కోవటంలోనే కాలం గడిచిపోతుంది. మెమరీ చాలని కంప్యూటరు అసలు పని మాని లోపలివి బయటికీ, బయటివి లోపలికీ మార్చుకుంటూ అలసిపోయినట్లే, మనిషి కూడా విండోలు సర్దుకుంటూ అలసిపోతాడని వారు గమనించారు. ఒక సమయంలో మనకు కావలసినవి ఒక పనికి చెందిన కొద్దిపాటి విండోలే కనుక, పనికొక గది కట్టారు. గదికీ గదికీ నడుమ తలుపులు పెట్టారు. ఎక్కడికి వెళ్ళినా వెంట రావలసిన వాటి కోసం 'జేబులు' కుట్టారు. అన్ని గదులనూ ఒక్క చూపులో చూసే ఏర్పాటు కూడా చేశారు.

యునిక్సు, లినక్సు వాడేవారికి తొంభైలలోనే ఇది అలవాటైంది. మ్యాకులో 2007లో 'స్పేసెస్' పేరుతో వచ్చింది. విండోసు ఎక్స్‌పీకి మైక్రోసాఫ్టువారే ఒక చిన్న పనిముట్టును విడిగా ఇచ్చినా, విండోసులో అంతర్భాగమై అందరి చేతికీ అందింది 2015లో, విండోసు 10తోనే.

నాకు మాత్రం ఇది ఒక ఘనం రూపంలో పరిచయమైంది. 2007 చివర ఉబుంటు వేసుకున్నాను. అందులోని కాంపిజ్‌ను ఒక రాత్రంతా కూర్చుని సరిచేసుకున్నాను. కంట్రోలు, ఆల్టు మీటలు పట్టుకొని మౌసుతో లాగితే తెర ఘనంగా మారి గిరగిరా తిరిగేది. నాలుగు పక్కలూ నాలుగు డెస్కుటాపులు. విండోను పట్టి లాగితే జున్నుముక్కలా వణికేది. ఘనం లోపల చేపలు ఈదేవి. తెల్లవారగానే నాన్నగారిని పిలిచి చూపించాను.

నాన్నగారు లెక్కల మాస్టారు. కాసేపు చూసి, "ఘనానికి ఆరు ముఖాలు కదరా, నాలుగే వాడుతున్నావేం?" అన్నారు. తరువాత అద్దాలు సవరించుకొని, "ఆ చేపల సంగతి అలా ఉంచు. ఇంతకీ నా కాగితాలు ఏ ముఖాన ఉన్నాయి?" అని అడిగారు.

ఆ కాగితాలంటే ఆయన రాసుకున్న మూడు రూళ్ళ పుస్తకాలు. గోదావరి లంక గ్రామాల్లో పంతులుగా తిరిగిన సంవత్సరాల జ్ఞాపకాలు. యూనికోడులో టైపు చేసి అచ్చు తీసి ఇస్తానని నేనే మాట ఇచ్చాను. నాలుగో ముఖాన ఆ ఫైలు తెరిచి ఉంది. ఘనాన్ని తిప్పి చూపించాను. సంతోషించారు.

మూడు ముఖాలూ నిజంగానే ఉపయోగపడ్డాయి. ఆఫీసు పని చేస్తుండగా ఉత్తరం వచ్చినట్లు కనబడకపోవటం ఎంత ప్రశాంతతో అనుభవించినవారికే తెలుస్తుంది. కొన్ని వారాలకు చేపలను తీసేశాను, వణుకూ తీసేశాను. ఒక్క తిరుగుడును మాత్రం ఉంచుకున్నాను. తెర కుడికి తిరిగితే ఉత్తరాలు, ఎడమకు తిరిగితే రాతలు అని చేతికి గుర్తుండిపోయింది. తటాలున మారిపోతే ఎక్కడున్నామో తెలియదు. కంటికి ఇంపు అని మనం కొట్టివేసే దానిలో ఆ మాత్రం ప్రయోజనం ఉంది. అయితే రెండింటిని పక్కపక్కన పెట్టి పోల్చుకోవలసిన పనికి ఇది అక్కరకు రాదు. అందుకు రెండో మానిటరే కావాలి.

నాలుగో ముఖం సంగతే వేరు. ఒకే డెస్కుటాపు ఉన్న రోజుల్లో నాన్నగారి ఫైలు రోజుకు పదిసార్లు అడ్డు వచ్చేది. విసుగు కలిగినా, ఆ విసుగుతోనే నాలుగు వాక్యాలు టైపు చేసేవాణ్ణి. దానికంటూ ఒక చోటు ఏర్పడ్డాక అడ్డు రావటం మానేసింది. చక్కగా సర్ది ఉంచానన్న తృప్తి ఒకటి మిగిలింది. నాన్నగారు "ఎంతవరకు వచ్చిందిరా?" అని అడిగినప్పుడల్లా ఘనాన్ని తిప్పి, "ఇదిగో, తెరిచే ఉంది నాన్నగారూ" అనేవాణ్ణి. నిజమే, తెరిచే ఉంది. అరవై ఒకటో పేజీ దగ్గర. కొన్నాళ్ళకు ఆయన అడగటం మానేశారు. 2010 కార్తికంలో వెళ్ళిపోయారు.

సంవత్సరీకాల తరువాత ఆ పుస్తకాలు మళ్ళీ తీశాను. నేను ఆపిన చోట 1986 ఆగస్టు గోదావరి వరద గురించి ఉంది. నీళ్ళు వస్తున్నాయనగానే బడిలోని హాజరు రిజిస్టర్లను పక్క ఇంటి అటక మీదికి ఎక్కించారట. వరద తీశాక ఎవరి కష్టాల్లో వారు పడి ఆ సంగతి మరచిపోయారట. రెండు నెలల తరువాత నిచ్చెన వేసి చూస్తే ఒక్కటీ తడవలేదు కానీ చెదలు పట్టాయట. నాన్నగారు దానిమీద వ్యాఖ్యానమేమీ చేయలేదు. ఏయే సంవత్సరాల రిజిస్టర్లు పోయాయో వరుసగా రాసి పెట్టారు, అంతే.

ఆ పేజీ టైపు చేస్తూ చాలాసేపు ఆగిపోయాను. నేను గది అనుకున్నది అటక. గదిలోకి రోజూ వెళతాం, అటక మీదికి ఎక్కించి మరచిపోతాం. సాఫ్టువేరుకు ఆ రెంటికీ తేడా తెలియదు. అది తెలియవలసింది వాడేవారికి.

కనుక మిత్రుడి ప్రశ్నకు నా సమాధానాన్ని ఇలా మార్చుకుంటున్నాను. రోజూ మారే పనులను ఒకదానికొకటి అడ్డు రాకుండా విడదీయటానికి ఇది మంచి సాధనం. వాయిదా వేసిన పనికి మాత్రం మంచి ముసుగు. ఇప్పుడు నేను మూడింటికి మించి పెట్టుకోను. విండోసులో డెస్కుటాపుకు పేరు పెట్టుకునే వీలు 2020లో వచ్చింది కనుక ప్రతిదానికీ పేరు పెట్టాను. ఆదివారం ఉదయం విండోసు, టాబు మీటలు కలిపి నొక్కి అన్నిటినీ ఒక్కసారి చూస్తాను. రెండు వారాలుగా ముట్టనిది ఏదైనా కనబడితే దాన్ని పట్టుకొచ్చి మొదటిదానిలో, దారికి అడ్డంగా పడేస్తాను.

నాన్నగారి మూడో పుస్తకంలో ఇంకా 22 పేజీలు ఉన్నాయి. అవి ఇప్పుడు ఆఫీసు పని మీదనే పరుచుకొని ఉన్నాయి.